పైపైన కత్తిరిస్తే పొద బాగుపడదు: సైనిక్‌పురిలో ఒక పాత తోట కేస్ స్టడీ

పొదలు అడ్డదిడ్డంగా పెరిగిపోయాయనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది పెద్ద కత్తెర. రెండు చేతులా పట్టుకుని చకచకా కోసుకుంటూ పోతే పూట తిరిగేసరికి కంచె తీర్చిదిద్దినట్టు కనబడుతుంది. వానాకాలమైతే నెల తిరక్కుండానే మళ్ళీ మొదటికొస్తుంది, ఈసారి ఇంకో అంగుళం బయటికి జరిగి. అలా ఎందుకు జరుగుతుందో, ఏ మొక్కకి పెద్ద కత్తెర పనికొస్తుందో, దేని దగ్గరికి దాన్ని రానివ్వకూడదో చెప్పడానికి కావలసిన రకాలన్నీ ఈ ఒక్క తోటలోనే దొరికాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

స్థలం, అప్పటి పరిస్థితి

సికింద్రాబాద్ దగ్గర సైనిక్‌పురిలో పాత ఇండిపెండెంట్ ఇల్లు. ఇంటివాళ్ళు రిటైరయ్యాక డాలస్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళారు, మధ్యలో కరోనా వచ్చింది, అక్కడే ఉండిపోయారు. ఇల్లు కనిపెట్టుకుని ఉన్న వాచ్‌మన్ నీళ్ళు మాత్రం తప్పకుండా పట్టాడు, ఎరువు కూడా అప్పుడప్పుడు వేశాడు. మెట్ల మీదికొచ్చిన కొసలు అతను కోయడం తప్ప, ఇంకెక్కడా కొమ్మ కోసిన మనిషి లేడు. ఒకే ఒక్కసారి ఎవరినో పిలిపించి మిషన్‌తో పైపైన కొట్టించారట. దాని ఆనవాళ్ళు గేటు దగ్గర కనబడ్డాయి, ఆ సంగతి తర్వాత.

రోడ్డు వైపు నలభై అడుగుల పొడవున గోల్డెన్ దురంతా కంచె. నడుమెత్తున ఉంచుదామని నాటింది, మేం చూసేసరికి తొమ్మిది అడుగులు దాటింది. పక్క ప్రహరీ వెంట గన్నేరు గుబుర్లు, వాటి ముందు మందారాలు, వరండా మెట్ల పక్కన నూరు వరహాల వరస, గేటుకి అటూ ఇటూ రెండు మోర్‌పంఖీలు (థూజా), పోర్టికో మీదికి ఎక్కిన కాగితపు పూల తీగ, వెనక వంటింటి దగ్గర మల్లె. నేల ఎర్రమట్టి, తవ్వితే కింద మొరం. బోరు నీళ్ళు, ఉప్పు బాగానే ఉంది. కుళాయి కింద రాళ్ళ మీద తెల్లగా పేరుకున్న పొర చూస్తేనే తెలుస్తుంది.

ఇంటావిడ ఇండియా వచ్చి నాకు ఫోన్ చేసింది మే నెలలో. "బాబూ, మనవరాలి ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నాం. ఆలోపు మొత్తం కొట్టించేసి నీట్‌గా చేసిపెట్టు" అన్నారు. మేలో ఆ పని చేయనని చెప్పాను. ఏళ్ళ తరబడి నీడలో ఉన్న బెరడు నలభై డిగ్రీల ఎండకి ఒక్కసారిగా బయటపడితే మాడిపోయి పగులుతుంది. ఆ పగుళ్ళలోకి పురుగూ తెగులూ చేరతాయి. పైగా ఆకంతా పోయిన మొక్కకి చిగురు వేయడానికి అదను కావాలి. "దారికి అడ్డమొచ్చిన కొమ్మలు ఇప్పుడు తీయిస్తానమ్మా, అసలు పని మృగశిర వెళ్ళి రెండు మంచి వానలు పడ్డాక మొదలుపెడదాం" అన్నాను. ఆవిడకి నచ్చలేదు గానీ ఒప్పుకున్నారు. ఫంక్షన్ రోజు దురంతా కంచెకి సీరియల్ లైట్లు వేయించి సర్దుకున్నారని తర్వాత తెలిసింది. తెలివైన పనే.

లోపలికి చూస్తే

కత్తెర పట్టుకునే ముందు ప్రతి పొదనీ రెండు చేతులతో విడదీసి లోపలికి చూడటం నా అలవాటు. ముందు కర్రతో పొద మొదలు దగ్గర నాలుగు దెబ్బలు కొట్టాలి. వానాకాలం మొదట్లో పాములుండే చోట్లు ఇవే. ఆ తర్వాతే చేతులు పెట్టాలి.

దురంతాని విడదీస్తే పచ్చదనం జానెడు మందమే ఉంది. దాని వెనక అంతా బూడిద రంగు పుల్లలు, రాలి ఇరుక్కున్న ఆకులు, గాలికి ఎగిరొచ్చిన పాలకవర్లు. కింద రెండడుగులు ఒక్క ఆకు లేదు, కాళ్ళు మాత్రమే. మాతో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న మాలి ఒక్క మాటలో తేల్చేశాడు: "పైన పైన గొరిగితే ఏమొస్తది సార్, లోపలంతా పుల్లలే."

దీనికి కారణం కొమ్మ కొసలో ఉంది. కొసమొగ్గ తయారుచేసే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ పక్కమొగ్గల్ని లేవకుండా ఆపి ఉంచుతుంది. కొస తెగగానే ఆ అదుపు పోయి, కోత కిందున్న రెండు మూడు మొగ్గలు ఒకేసారి లేస్తాయి. పెద్ద కత్తెర వందల కొసల్ని ఒకే మట్టంలో కోస్తుంది కాబట్టి, కొత్త రెమ్మలన్నీ ఆ మట్టంలోనే గుంపుగా వస్తాయి. మళ్ళీ కోస్తే మళ్ళీ అక్కడే. ఇలా నాలుగైదు కోతలయ్యేసరికి పైన దట్టమైన ఆకుల పొర కడుతుంది, లోపలికి వెలుతురు ఆగిపోతుంది, వెలుతురు లేని ఆకులు రాలి కొమ్మలు ఎండుతాయి. ప్రతిసారీ పాత కోతకి కాస్త పైనే కోస్తాం కనుక కంచె ఏటా బయటికి జరుగుతూ ఉంటుంది. అంటే గుబురు పెరిగిన పొదకి అసలు జబ్బు లోపల ఉంటే, పెద్ద కత్తెర అందుకునేది బయటి పొరనే. ముందు లాపర్‌తో (లావు కొమ్మలు కోసే పొడుగు పిడుల కత్తెర), రంపంతో లోపల ఖాళీ చేయాలి. పెద్ద కత్తెర వంతు చివర్న వస్తుంది.

ఇంకో పరీక్ష కూడా చేశాం. ముదురు కొమ్మ మీద గోటితో బెరడు కొంచెం గీకితే లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. గోధుమ రంగులో పొడిగా ఉంటే అది కట్టె. దురంతా, గన్నేరు, మందారం, కాగితపు పూలు, వీటి ముదురు కొమ్మలు ఆకు లేకపోయినా పచ్చగా ఉంటే చిగురిస్తాయి. మోర్‌పంఖి ఆ జాతి కాదు.

పొదల్లో ఇంకా ఏమున్నాయో కూడా ఇప్పుడే చూసుకున్నాం. దురంతా మధ్యలో పిట్టలు వేసిన గింజ మొలిచి ఒక వేపచెట్టు కంచెతో పాటే పైకి లేచింది, మొదలు అప్పటికే చెయ్యి లావుంది. చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి, పొదలు కత్తిరించుకోవడానికి ఆ గొడవ లేదు. ఆవిడకీ వేప ఉంచాలనే ఉంది కాబట్టి దాని చుట్టూ కంచెని విడగొట్టాలని అనుకున్నాం. ప్రహరీ పగుళ్ళలో లేచిన రావి మొలకల్ని మాత్రం వేళ్ళతో సహా లాగించాను. అవి ఉంటే గోడ ఉండదు.

అసలు ముఖ్యమైనది ఇంకొకటి దొరికింది. కంచె లోపల పాత ముళ్ళతీగ రెండు వరసలు, కొమ్మలు దాన్ని మింగేసి దాని చుట్టూ బెరడు కట్టేశాయి. దాని వెంటే గార్డెన్ లైట్లకి ఎప్పుడో లాగిన కరెంటు వైరు. లైట్లు పోయి చాలా కాలమైంది గానీ వైరు ఇంకా లైన్‌లోనే ఉంది, టెస్టర్ పెడితే వెలిగింది. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి దాన్ని బోర్డు దగ్గరే విడదీయించాకే పని మొదలుపెట్టాం. పెట్రోల్ ట్రిమ్మర్‌ని ఆ రోజు బండిలోంచి దించకపోవడానికి ఇదే కారణం. చేతి కత్తెరకి తీగ తగిలితే చేతికి తెలుస్తుంది, ఆగుతాం. మిషన్‌కి తెలిసేలోపు పళ్ళు విరుగుతాయి, లేదంటే అంతకంటే పెద్దదే జరుగుతుంది.

కత్తెరల సంగతి

నర్సరీల్లో హెడ్జ్ షియర్ అని అమ్మే పెద్ద కత్తెరకి బ్లేడు మామూలుగా 8 నుంచి 10 అంగుళాలుంటుంది. అది పెన్సిల్ లావు రెమ్మల వరకే. కొన్నిటికి బ్లేడు మొదట్లో చిన్న గాడి ఉంటుంది. కాస్త లావు కొమ్మ ఒకటీ అరా తగిలితే అందులో ఇరికించి కోయడానికి అది. అంతకు మించిన కొమ్మని మధ్యలో పెట్టి బలం ఉపయోగిస్తే బ్లేడ్లు పక్కలకి విడిపోతాయి, కొమ్మ తెగకుండా నలుగుతుంది, నలిగిన చోట నుంచి కిందికి ఎండుతుంది. వేలి లావు కొమ్మకి ఒంటిచేత్తో కోసే చిన్న కత్తెర సికేటర్, అంగుళంన్నర వరకు పొడుగు పిడుల లాపర్, ఆపైన ముడుచుకునే చేతి రంపం. ఈ తోటలో పని ఎక్కువ చేసింది లాపరే.

కొమ్మ తెగకుండా రెండు బ్లేడ్ల మధ్య మడత పడుతుంటే చాలామంది పదును పోయిందని సాన పట్టిస్తారు. ముందు చూడాల్సింది మధ్యలో నట్టు. కత్తెర పూర్తిగా తెరిచి, ఒక పిడి పట్టుకుని రెండోది వదిలేయాలి. అది నెమ్మదిగా దిగి మధ్యలో ఆగితే బిగువు సరిగ్గా ఉన్నట్టు. టపీమని పడిపోతే వదులు, అసలు కదలకపోతే మరీ బిగువు. స్పానర్‌తో పావు చుట్టు తిప్పితే చాలాసార్లు కత్తెర కొత్తదానిలా కోస్తుంది.

అప్పటికీ కోయకపోతే పదును. బ్లేడుకి ఒకవైపు ఏటవాలు అంచు, రెండోవైపు చదును. ఆకురాయిని ఏటవాలు వైపే, కంపెనీ ఇచ్చిన కోణంలోనే, మొదలు నుంచి కొసకి ఒకే దిశలో లాగాలి. చదును వైపు సానరాయిని పూర్తిగా పడుకోబెట్టి ఒక్కసారి లాగితే అంచు మీద లేచిన సన్నటి పొర పోతుంది, అంతకు మించి రుద్దకూడదు. వీధిలో సాన పట్టేవాళ్ళకిస్తే రెండువైపులా రుద్ది మిలమిలా మెరిసేలా ఇస్తారు. ఇక ఆ రెండు బ్లేడ్లూ ఒకదానికొకటి ఆనవు, వాటి సందులో ఆకు మడత పడుతూనే ఉంటుంది. మిగతా పనులు ఎవరికిచ్చినా సరే, ఈ ఒక్కటి నా చేత్తోనే చేసుకుంటాను.

పాలు కారే మొక్కలు కోసినప్పుడు బ్లేడు మీద జిగురు కడుతుంది. కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఆరాక కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు నట్టు దగ్గర వేయాలి. తెగులున్న మొక్క నుంచి ఇంకో మొక్కకి మారేటప్పుడు మాత్రం స్పిరిట్‌తో తుడవాలి, కిరోసిన్ సరిపోదు.

దురంతా కంచె

ఆవిడ అడిగింది నాలుగడుగుల కంచె. నాలుగడుగులు కావాలంటే నాలుగడుగుల దగ్గర కోయకూడదు. అక్కడ కోస్తే పైన మోడుల కొసల్లో కుచ్చులు కుచ్చులుగా చిగుర్లు లేచి, కంచె తొందరగా అయిదు దాటుతుంది, కింద కాళ్ళు అలాగే ఉంటాయి. మేం రెండున్నర అడుగుల దగ్గర కోశాం. అక్కడి నుంచి కొత్త రెమ్మ నాలుగడుగులకి చేరేలోపు రెండు మూడుసార్లు కొస తుంచితే, ప్రతిసారీ కొమ్మలు చీలి, కంచె కింద నుంచే దట్టంగా కడుతుంది.

కానీ నలభై అడుగులూ ఒకేసారి రెండున్నరకి దించితే ఇల్లు రోడ్డుకి బట్టబయలవుతుంది. ఆవిడకి ఉన్న పెద్ద టెన్షన్ అదే. అందుకని కంచె మందంలో లోపలి సగాన్ని, అంటే ఇంటి వైపుని, ముందు దించాం. రోడ్డు వైపు సగాన్ని ఆరడుగుల దగ్గర పైపైన కోసి, చాటుగా ఉంచాం. లోపలి సగం చిగురించి మోకాలెత్తు పచ్చదనం పట్టాక రోడ్డు వైపు సగం దించాం. మొక్కకి కూడా ఇది మేలు. ఆకు మొత్తం ఒకేసారి పోదు, వేళ్ళకి ఆహారం అందుతూ ఉంటుంది.

పని వరస ఇది. ముందురోజు సాయంత్రం మొదళ్ళు నిండా తడిపాం, వాన పడినా సరే. ముందు రంపంతో పూర్తిగా ఎండిన కొమ్మల్ని నేల మట్టంలో తీశాం. వీటిని తీస్తేనే మిగిలినవి కంటికి కనబడతాయి. తర్వాత బతికున్న ముదురు కొమ్మల్లో ఒకదాన్నొకటి రాసుకుంటున్నవి, లోపలికి తిరిగినవి లాపర్‌తో మొదట్లోకి. మిగిలినవాటిని రెండున్నర అడుగుల దగ్గర, కణుపుకి పావు అంగుళం పైన, వానచుక్క జారిపోయేలా కొంచెం వాలుగా. ముళ్ళతీగ ఇరుక్కున్న చోట తీగని లాగలేదు, లాగితే బెరడు చీలుతుంది. అటూ ఇటూ కట్టర్‌తో కోసి ముక్కని కొమ్మలోనే వదిలేశాం. ముదురు దురంతాకి ముళ్ళుంటాయి, దాని నారింజ రంగు కాయలు విషం. పిల్లలున్న ఇంట్లో ఊడ్చేటప్పుడు కాయల్ని వదిలేయకూడదు.

పెద్ద కత్తెర పని ఆగస్టులో మొదలైంది, చిగుర్లు జానెడు దాటాక. రెండు చివర్లా కర్రలు పాతి, సుతిలి తాడు లాగి, లెవెల్ పెట్టి చూశాం. రోడ్డు వాలుగా ఉండటంతో కంటిచూపుతో కోస్తే కంచె కూడా వాలుతుంది. ఇక చేతులు ఎలా ఆడాలన్నది చూసి నేర్చుకోవాల్సిందే, అయినా రాస్తాను: ఎడమచేతి పిడిని మట్టానికి ఆనించి కదలకుండా ఉంచాలి, కుడిచేతి పిడే ఆడాలి. రెండు చేతులూ ఆడిస్తే బ్లేడు పైకీ కిందికీ ఊగి, కంచె మీద అలలు పడతాయి. పక్కలు కోసేటప్పుడు కింద నుంచి పైకి వెళ్ళాలి, కోసిన ఆకు బయటికి రాలుతుంది, కోయాల్సింది కనబడుతుంది. భుజం కంటే ఎత్తులో కత్తెర ఆడించకూడదు. బల్ల ఎక్కాలి, లేదంటే మర్నాడు మోచెయ్యి లేవదు.

ఆకారం గురించి ఒక మాట. కంచె అడుగుభాగం వెడల్పుగా, పైభాగం కాస్త సన్నగా ఉండాలి. నిట్టనిలువుగా కోస్తే పైభాగం నీడ కింద పడి మళ్ళీ కాళ్ళు బయటపడతాయి. ఇక్కడ అడుగున రెండున్నర, పైన రెండడుగులు ఉంచాం. చూసేవాళ్ళకి ఆ తేడా తెలియదు, కింది ఆకుకి తెలుస్తుంది. గోల్డెన్ దురంతాకి ఇంకో అవసరం కూడా ఉంది. ఎండ తగిలితేనే దాని ఆకు పసుపు పచ్చగా ఉంటుంది, నీడలో మామూలు ఆకుపచ్చే.

గన్నేరు

ఇక్కడ పెద్ద కత్తెర అసలు బయటికి తీయలేదు. గన్నేరు ఆకు పొడుగు, కత్తెర పెడితే సగం సగం తెగి, తెగిన అంచులు గోధుమ రంగుకి తిరిగి, మొక్కంతా కాలినట్టు కనబడుతుంది. పూసేది కొత్త రెమ్మల కొసల్లో కాబట్టి పైపైన తరచూ గొరిగితే పువ్వే ఉండదు.

గుబురులో అన్నిటికంటే ముదురు కాండాలు, సుమారుగా మూడో వంతు, నేల మట్టంలో రంపంతో తీసేశాం. మిగిలినవాటిని ఒకే ఎత్తులో కాకుండా, ముందువి మూడడుగులకి, వెనకవి అయిదుకి, అలా మెట్లుగా కోశాం. గన్నేరుకి ప్రతి కణుపు దగ్గరా మూడేసి ఆకులుంటాయి, మూడేసి మొగ్గలూ ఉంటాయి. కణుపు పైన కోస్తే చాలాసార్లు మూడు రెమ్మలొస్తాయి. అందుకే అన్నీ ఒకే ఎత్తులో కోస్తే మళ్ళీ ఆ ఎత్తులోనే గొడుగు కడుతుంది. హైవేల మధ్య డివైడర్లలో వేసిన గన్నేర్లు అలా పైన ఒత్తుగా కింద బోసిగా కనబడటానికి కారణం ఇదే, అక్కడ ఒకే మట్టంలో మిషన్ కోత తప్ప ఇంకోటి కుదరదు.

గన్నేరు విషయంలో పని కంటే జాగ్రత్త ముఖ్యం. ఆకు, కొమ్మ, పువ్వు, వేరు అన్నీ విషమే, గుండె మీద పనిచేసే విషం. ఫుల్ హ్యాండ్ చొక్కా, రబ్బరు గ్లవ్స్, కళ్ళకి అద్దాలు లేకుండా ఎవరినీ దిగనివ్వలేదు. పాలు చర్మానికి తగిలితే కొందరికి దద్దుర్లొస్తాయి, కంట్లో పడితే మంట. మధ్యాహ్నం అన్నాలకి ముందు అందరిచేతా సబ్బుతో చేతులు కడిగించాను. కోసిన కొమ్మల్ని తగలబెట్టకూడదు, ఆ పొగ కూడా ప్రమాదమే. వాచ్‌మన్ అప్పటికే అగ్గిపెట్టెతో తయారుగా ఉన్నాడు. రోడ్డు పక్కన పడేయకూడదు, ఆ వీధిలో గేదెలు తిరుగుతాయి. పచ్చి ఆకు చేదని తినకపోయినా, వాడిన ఆకుని మిగతా మేతలో కలిపి పశువులు తినేస్తాయి. అందుకని గన్నేరుని విడిగా గోనెల్లో కట్టి మున్సిపాలిటీ చెత్త బండికి ఎక్కించాం. మిగతా మొక్కల ఆకుని ముక్కలు చేసి మొదళ్ళ చుట్టూ పరిచాం గానీ, గన్నేరుని అందులో కలపలేదు.

మిగతావి

మందారాలకి కొసల్లో ఆకులు ముడుచుకుని తెల్లటి దూది కట్టింది, పిండినల్లి. చీమలు బారులు తీరి ఉన్నాయంటే అది ఉన్నట్టే. ముడుచుకున్న కొసల్ని ముందు విడిగా సికేటర్‌తో తుంచి, కింద పడనివ్వకుండా కవర్లో వేసి మూతి కట్టేశాం. తర్వాతే కొమ్మల్ని సగానికి దించాం. మొక్క మొక్కకీ స్పిరిట్ గుడ్డ. వారం తర్వాత లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి కొట్టించాం. మందారం కొత్త కొమ్మ మీదే పూస్తుంది కాబట్టి గట్టిగా కోసినా నష్టమేం లేదు.

నూరు వరహాల దగ్గర ఆవిడకీ నాకూ చిన్న వాదన జరిగింది. "ఇదొక్కటి పువ్వే పూయట్లేదు, దీన్ని మొత్తం తీసెయ్" అన్నారు. దీని పూగుత్తి వచ్చేది రెమ్మ కొసలోనే. వాచ్‌మన్ మెట్ల మీదికి వస్తోందని నెలనెలా పెద్ద కత్తెరతో కొసలు కోస్తూ వచ్చాడు, అంటే మొగ్గ తొడిగేలోపే తీసేశాడు. తోట మొత్తంలో కత్తెర పడ్డది దీనికొక్కదానికే, అదీ పడకూడని చోట. దీనికి పెరుగుదల నెమ్మది కాబట్టి దురంతాలాగా మొదట్లోకి దించితే తేరుకోవడం కష్టం. సికేటర్‌తో మూడు కొమ్మలకి ఒకటి చొప్పున లోపలికి కోసి, మిగిలినవి ముట్టుకోలేదు. ఆకులు పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఉప్పు బోరు నీళ్ళకి నూరు వరహాలు ఇనుము అందుకోలేక ఇలా అవుతుంది. కొమ్మ కోస్తే పోయే జబ్బు కాదది. డాబా మీది వాన నీళ్ళు అటు మళ్ళేలా గొట్టం తిప్పించాం.

కాగితపు పూల తీగలో ఒక పిగిలిపిట్ట గూడు, మూడు గుడ్లు. ఆ వైపు వదిలేసి మిగతా సగమే చేశాం. గుడ్లు పెట్టిన దగ్గర్నుంచి పిల్లలు ఎగిరేదాకా నెల కూడా పట్టదు, ఈ పనిలో నెల పెద్ద లెక్క కాదు. లావు కోతలకి తెగులు పట్టకుండా బోర్డో పేస్టు పూశాం: 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం, లీటరు నీళ్ళు, ప్లాస్టిక్ బకెట్లో కలపాలి, ఇనుప డబ్బాలో వద్దు. వానాకాలంలో లావు కోతకి ఇది మంచిది. పెన్సిల్ లావు కోతలకి పూయడం దండగ.

గేటు దగ్గర మోర్‌పంఖీలు. మిషన్ కొట్టినవాళ్ళు కుడివైపు దాన్ని గేటుకి అడ్డమొస్తోందని పచ్చటి పొర దాటించి కోసేశారు. లోపలి గోధుమ రంగు పుల్లలు బయటపడి అరచెయ్యి వెడల్పున పెద్ద గుంట. "వానలు పడితే కమ్ముకుంటుంది కదా?" అని ఆవిడ ఆశగా అడిగారు. కమ్ముకోదు. ఈ జాతి మొక్కలకి ఆకు రాలిన ముదురు కట్టె మీద చిగురించే మొగ్గలుండవు. ఇంకా కోసిన కొద్దీ గుంట పెద్దదవుతుంది. ఎడమవైపు దానికి పచ్చటి కొసలు మాత్రమే, అవీ ఒక్క అంగుళం, పెద్ద కత్తెరతో తేలిగ్గా సరిచేశాం. కుడివైపు దాన్ని ఏం చేయాలో ఆవిడనే తేల్చుకోమన్నాను. చివరికి తీయించి దాని చోట కామిని మొక్క పెట్టించారు. రెండువైపులా ఒకేలా లేదని కొడుకు వీడియో కాల్‌లో గొణిగాడట.

మల్లెకి జూన్‌లో ఏమీ చేయలేదు. దాని అదను చలికాలం. నవంబరులో నీళ్ళు తగ్గించి, చివరి వారంలో నేల నుంచి ఒకటిన్నర అడుగు ఎత్తులో పెద్ద కత్తెరతో గుండ్రంగా కోసి, మిగిలిన ఆకు దూసేశాం. ఎడమవైపు మోర్‌పంఖి కొసల సంగతి పక్కనపెడితే, మొత్తం తోటలో పెద్ద కత్తెర నేరుగా, ఏ తయారీ లేకుండా పనికొచ్చింది ఈ ఒక్కదానికే. మల్లె కొమ్మలు సన్నం, కోసిన చోటల్లా చిగురించి, ఆ చిగురే మొగ్గ తొడుగుతుంది.

ఫలితం

దురంతాలో లోపలి సగం మూడు వారాలకి మొదళ్ళ దాకా చిగురించింది. ఎప్పుడూ వెలుతురు చూడని కింది రెండడుగుల్లోంచి వచ్చిన చిగుర్లే అన్నిటికంటే బలంగా ఉన్నాయి. ఒక్కో మొక్క మొదలు దగ్గర రెండు గుప్పిళ్ళ వేపపిండి, బుట్టెడు మాగిన పశువుల ఎరువు వేశాం. యూరియా అడిగాడు వాచ్‌మన్, వద్దన్నాను. కోత తర్వాత యూరియా పడితే చిగురు మెత్తగా పొడుగ్గా సాగి, పేనుబంకకి విందవుతుంది. వేపచెట్టు పక్కనున్న రెండు మొక్కలు మాత్రం లేవలేదు. తవ్వి చూస్తే మొదట్లో చెదలు. వాటి చోట మేం కోసిన కొమ్మల ముక్కలనే వేరు పట్టించి పెట్టాం. దురంతా కొమ్మ ముక్క వానాకాలంలో సులభంగా వేరు పడుతుంది, నర్సరీకి పోవాల్సిన పని లేదు.

గన్నేరు దసరాకి మళ్ళీ పూతకొచ్చింది. మందారాలు అంతకంటే ముందే. నూరు వరహాలు ఆ సంవత్సరం నాలుగైదు గుత్తులే ఇచ్చింది. దానికి ఇంకా రెండేళ్ళ పని ఉంది, మరో మూడో వంతు వచ్చే జూన్‌లో, చివరి వంతు ఆ పై ఏడు.

వాచ్‌మన్‌కి రాసిచ్చిన కాగితంలో ఉన్నది ఇంతే. దురంతాకి వానాకాలంలో మూడు నాలుగు వారాలకోసారి, చలికాలంలో రెండు నెలలకోసారి పెద్ద కత్తెర, ఎండాకాలంలో వద్దు. ప్రతి ఏడూ తొలకరిలో లోపలి నుంచి పది పన్నెండు ముదురు కొమ్మలు లాపర్‌తో తీయాలి, తీశాక చెయ్యి లోపలికి పెడితే ఆకుల మధ్య నుంచి వెలుతురు అరచేతి మీద పడాలి. గన్నేరు, నూరు వరహాలు, మోర్‌పంఖీల దగ్గరికి కత్తెర తీసుకెళ్ళే ముందు నాకు ఫోన్ చేయాలి. కాగితం మోటారు స్విచ్‌బోర్డు పక్కన అంటించాడు.

కంచె ఎత్తు మీద మాత్రం ఇంకా బేరం నడుస్తోంది. నాలుగడుగులన్న ఆవిడే ఇప్పుడు రోడ్డు మీద బండ్లు ఎక్కువయ్యాయి, అయిదుకి పోనివ్వమంటున్నారు. పోనివ్వచ్చు. కంచె అడుగుభాగం వెడల్పు మూడడుగులకి పెంచితేనే అని చెప్పాను, దానికి లాన్‌లో అరడుగు పోతుంది. డాలస్ నుంచి మళ్ళీ వచ్చాక చూసి చెబుతామన్నారు.